శాలువా అల్లింది ఆమె, ఊలు ఎవరిది?

మన గ్రూపులో భూమి గురించి, పోడు గురించి, 1/70 గురించి అన్నలు, అక్కలు చాలా బాగా రాశారు. నేను ఈసారి ఒక శాలువా గురించి రాస్తున్నా. అది మన దగ్గరిది కాదు. స్కాట్లాండ్‌కి ఉత్తరాన సముద్రంలో ఉన్న షెట్లాండ్ దీవులది. డిగ్రీలో హిస్టరీ తీసుకున్నాక వస్తుమార్పిడి గురించి చదువుతుంటే ఈ సంగతి తెలిసింది. కొంచెం పెద్ద పోస్టే, కానీ చివరిదాకా చదవండి. మన సంత గుర్తొస్తుంది.

ముందు ఊలు సంగతి. షెట్లాండ్ గొర్రె చిన్న గొర్రె. చలి, గాలి, వాన ఎక్కువ, మేత తక్కువ ఉన్న చోట బతికే జాతి. తెలుపు, నలుపు, బూడిద, గోధుమ రంగుల్లో పుడుతుంది కాబట్టి ఊలుకి అద్దకం లేకుండానే ఇన్ని రంగులు వస్తాయి. వేసవి మొదట్లో పాత ఊలు దానంతట అదే వదులవుతుంది. అప్పుడు కత్తెర పెట్టకుండా చేత్తోనే మెల్లగా తీసేవాళ్లు. ఒకే గొర్రె మీద కూడా ఊలు అంతా ఒకటి కాదు. మెడ దగ్గరిది అన్నిటికంటే సన్నం, మెత్తన. వెనక భాగానిది ముతక. మెడ ఊలుని విడిగా ఏరి పెట్టుకునేవాళ్లు.

ఏ ఊలు తీసుకున్నారో దాన్ని బట్టే శాలువా. ఇంట్లో కప్పుకోవడానికి, పిల్లల్ని చుట్టడానికి కొంచెం లావు దారంతో అల్లేదాన్ని 'హాప్' అంటారు. మధ్యలో సాదాగా, చుట్టూ అలల్లాంటి రంగు చారలతో ఉంటుంది. అమ్మకానికి అల్లే లేసు శాలువా వేరు. దానికి మెడ ఊలు కావాలి, దారం వెంట్రుకలా వడకాలి. మనిషి ఎత్తు చదరం శాలువాని కూడా పెళ్లి ఉంగరంలోంచి దూర్చి లాగొచ్చు అంటే ఎంత సన్నమో చూడండి.

ఇది నేత కాదు, అల్లిక. మగ్గం అక్కర్లేదు, సూదులు చాలు. పాత పద్ధతిలో ముందు అంచు అల్లుతారు. దాని పక్క నుంచి కుట్లు ఎత్తుకుని లోపలికి బోర్డర్ అల్లుతూ వస్తారు, మధ్య భాగం చివర. ఉతికాక చెక్క చట్రానికి నాలుగు పక్కలా లాగి కట్టి ఆరబెడతారు. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న డిజైను అప్పుడే విచ్చుకుంటుంది. ఆడవాళ్లు నడుముకి చిల్లులున్న తోలు బెల్టు కట్టుకుని, సూది కొసని అందులో గుచ్చి, వీపు మీద గంప మోస్తూ నడుస్తూనే అల్లేవాళ్లు. మగవాళ్లు చేపల వేటకి సముద్రం మీదికి పోతే పొలం, ఇల్లు, అల్లిక అన్నీ వీళ్లవే.

1840ల నుంచి ఈ లేసుకి బ్రిటన్‌లో గిరాకీ పెరిగింది. 1851లో లండన్ మహా ప్రదర్శనలో కూడా పెట్టారు. శాలువాకి ఇంత పేరు వచ్చింది, మరి అల్లిన ఆడమనిషికి ఏమొచ్చింది?

ఆమెకి వచ్చింది టీ పొడి, బట్టలు. డబ్బులు కాదు. దీన్ని 'ట్రక్' పద్ధతి అనేవాళ్లు. వ్యాపారి శాలువా తీసుకుని తన కొట్లోనే సరుకు తీసుకోమంటాడు. అప్పుడే వద్దంటే ఒక చీటీ రాసిస్తాడు, అది కూడా ఆ కొట్లోనే చెల్లుతుంది. వ్యాపారి అసలు లాభం ఆ సరుకుల మీదే. కొందరికి ఊలు దారం కూడా వ్యాపారే ఇచ్చేవాడు, వాళ్లకి అల్లిక కూలి మాత్రమే, అది కూడా సరుకు రూపంలోనే. సొంతంగా అల్లుకుందామంటే మంచి దారానికి డబ్బు కావాలి. చేతికి డబ్బే రాకపోతే దారం ఎలా కొంటుంది?

1872 జనవరిలో ప్రభుత్వం నియమించిన కమిషనర్ విలియం గుత్రీ లెర్విక్ పట్టణంలో విచారణ జరిపాడు. అల్లిక ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. అద్దె కట్టడానికి డబ్బు లేదని, కొట్లో తీసుకున్న టీ పొడిని పల్లెల్లో తిండిగింజలకి మార్చుకున్నామని. ఒంటి మీద మంచి బట్ట, ఇంట్లో తిండికి కరువు. అన్నీ ప్రశ్న, జవాబుగా రాసుకున్నారు. 1887 చట్టంలో, ఇంటి దగ్గర అల్లి అమ్మే వాళ్లకి కూడా డబ్బే ఇవ్వాలని వచ్చింది. అలవాటు మాత్రం వెంటనే పోలేదు.

ఇప్పుడు మన ఏజెన్సీ. వాళ్లూ మనమూ ఒకటే అని నేను అనడం లేదు. వాళ్లు ఆదివాసులు కాదు, మనకి అడవి, భూమి పోయిన బాధ వేరే. కానీ లెక్క మాత్రం అదే. షావుకారి ముందే ఉప్పు, బట్ట అప్పుగా ఇచ్చి చింతపండు, కరక్కాయ, అడ్డాకు తీసుకుపోయేవాడు. తూకం అతనిది, ధర అతనిది, పద్దు పుస్తకం కూడా అతనిదే. మా నాయనమ్మ సంతకి చింతపండు మోసుకెళ్లి ఉప్పుతో తిరిగొచ్చిన రోజులు ఉన్నాయి. ఈ దోపిడీ తగ్గించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. మన జీసీసీ డిపో వెనక ఉన్న చరిత్ర ఇదే.

ఇప్పుడు మన అక్కలు, చెల్లెళ్లు కుట్టు, అల్లిక, విస్తళ్ల పనిలో ట్రైనింగ్ తీసుకుంటున్నారు. మంచిదే. కానీ పని నేర్చుకుంటే సరిపోదు, షెట్లాండ్ ఆడవాళ్లకి రాని పనితనమా? ముడిసరుకు ఎవరిది, ధర ఎవరు చెప్తారు, చేతికి డబ్బు వస్తుందా అని మొదటి రోజే అడగాలి.

ఇంకో మాట. వాళ్లు చెప్పింది ఒకరు రాసుకున్నారు కాబట్టే 150 ఏళ్ల తర్వాత ఇక్కడ హాస్టల్లో కూర్చుని నేను చదవగలిగా. ఎన్ని మానికల చింతపండుకి ఎంత ఉప్పు ఇచ్చేవాళ్లో మన పెద్దవాళ్లకి ఇంకా గుర్తుంది. ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టే, మన మాటల్లోనే రాసి ఇక్కడ పెట్టండి. మా ఊరిది నేను మొదలుపెడతా.