బీటా కణాన్ని దెబ్బతీసింది ఏది?

టైప్-1 మధుమేహం మీద 1965లో బెల్జియం నుంచి వచ్చిన ఒక పరిశోధనపత్రంతో ఈ వెతుకులాట మొదలుపెట్టాను. జబ్బు బయటపడిన ఆరు నెలల్లోపే చనిపోయిన 22 మంది క్లోమాలను అందులో పరీక్షించారు. 15 మందిలో లాంగర్‌హాన్స్ పుటికల చుట్టూ, లోపలా తెల్లరక్తకణాలు చేరి ఉన్నాయి. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు చాలావరకు పోయాయి. పక్కనే ఉన్న ఆల్ఫా కణాలు మిగిలాయి.

ఇలా తెల్లకణాలు చేరడాన్ని 1902లోనే ఒకరు చూసి రాశారు. తర్వాతి శవపరీక్షల్లో అది అరుదుగా ఎందుకు కనిపించింది? తేదీలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 1922లో ఇన్సులిన్ వాడకంలోకి వచ్చాక, జబ్బు మొదలైన కొత్తలో చనిపోయేవాళ్లు తగ్గారు. పరీక్షకు వచ్చినవి ఎక్కువగా పాత రోగుల క్లోమాలు. బీటా కణాలు పోయిన పుటికల్లో తెల్లకణాలు కూడా నిలవవు.

1974లో రోగుల రక్తంలో పుటికలకు అంటుకునే యాంటీబాడీలు దొరికాయి. అనుమానం వాటి మీదికి మళ్లింది. అయితే 2001లో అచ్చయిన ఒక నివేదికలో, పుట్టుకతోనే బీ కణాల లోపమున్న బాలుడికి టైప్-1 వచ్చినట్టు ఉంది. బీ కణాలు లేనిదే యాంటీబాడీలు తయారు కావు. ఒక్క కేసే అయినా, అవి లేకుండా జబ్బు రాదనే వాదన అక్కడితో నిలవదు. యాంటీబాడీలు జబ్బును ముందే పట్టిచ్చే గుర్తులు. అంతవరకే వాటిని ఒప్పుకున్నాను.

అసలు ఆధారం 1980ల మధ్యలో డెన్మార్క్‌లో దొరికింది. రెచ్చగొట్టిన తెల్లకణాలను పెంచిన ద్రవంలోంచి కణాలన్నీ తీసేసి, మిగిలిన ద్రవాన్ని పుటికల మీద పోశారు. ఇన్సులిన్ విడుదల తగ్గిపోయింది. కణం తాకకుండానే దెబ్బ తగిలిందన్నమాట. 1986లో, శుద్ధి చేసిన ఇంటర్‌ల్యూకిన్-1 అనే సైటోకైన్ (కణాలు సంకేతంగా విడుదల చేసే ప్రొటీన్) ఒక్కటే ఆ పని చేయగలదని చూపారు.

ఎలా చేస్తుంది? 1990లో బ్రిటన్ పరిశోధకులు ఎలుక పుటికల్లో నైట్రిక్ ఆక్సైడ్‌ను పట్టుకున్నారు. ఇంటర్‌ల్యూకిన్ తగలగానే బీటా కణం ఆ వాయువును తనే తయారుచేసుకుంటుంది. అది మైటోకాండ్రియాలో అకోనిటేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది, కణానికి శక్తి చాలదు, ఇన్సులిన్ బయటికి రాదు. ఆ వాయువు తయారీని ఆపితే విడుదల మళ్లీ మొదలైంది. చిక్కు విడిపోయినట్టే కనిపించింది.

విడిపోలేదు. మనిషి పుటికలతో చేసిన 1994 నాటి ప్రయోగం దీనికి అడ్డం తిరిగింది. సైటోకైన్లను కలిపి ఇస్తే మనిషి పుటికలు కూడా దెబ్బతిన్నాయి. కానీ నైట్రిక్ ఆక్సైడ్‌ను ఆపినా అవి కోలుకోలేదు. ఎలుకకు సరిపోయిన జవాబు మనిషికి సరిపోలేదు.

2013లో రెండు పరీక్షల ఫలితాలు కలిపి వెలువడ్డాయి. కొత్తగా టైప్-1 వచ్చినవాళ్లకు ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకునే మందులిచ్చారు. ఒక్కో పరీక్షలో 69 మంది. ప్రయోజనం కనబడలేదు. చిత్రమేమిటంటే, అదే దారిలో పనిచేసే మందు 2007లో టైప్-2 రోగుల మీద కొంత పనిచేసింది. 70 మంది, 13 వారాలు. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లతో పోలిస్తే 0.46 శాతం పాయింట్లు తక్కువగా తేలింది.

దాంతో 1987లో స్కాట్లండ్ నుంచి వచ్చిన పరిశోధనపత్రాలు తీశాను. కొత్త రోగుల బీటా కణాల్లో ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా అనే మరో సైటోకైన్ ఉందని వాటిలో రాశారు. ఆ పుటికల కణాల మీద హెచ్‌ఎల్‌ఏ మొదటి తరగతి అణువులు మామూలుకన్నా చాలా ఎక్కువగా ఉన్నాయి. కణం లోపలి ప్రొటీన్ తునకలను, తెల్లకణాల్లో చంపే రకమైన టీ కణాలకు చూపించేవి ఇవే. వాటిని పెంచేది ఇంటర్‌ఫెరాన్. అంటే సైటోకైన్ నేరుగా విషం కావడమే కాదు, చంపే కణానికి దారి కూడా చూపగలదు. ఆల్ఫా కణాల మీదా అవే అణువులు పెరిగాయి. కానీ ఇన్సులిన్ తునకల్ని వెతికే టీ కణానికి అక్కడ చూడ్డానికి ఇన్సులిన్ లేదు.

తర్వాతి పరీక్షలు ఈ దిశకే మొగ్గాయి. 2020లో మరో సైటోకైన్ టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకున్న మందు, 84 మందితో చేసిన పరీక్షలో సొంత ఇన్సులిన్‌ను 52 వారాల పాటు మెరుగ్గా నిలిపింది. 2023లో, ఇంటర్‌ఫెరాన్ల సంకేతాన్ని కణం లోపల ఆపే మాత్రతో 91 మందిలో 48 వారాలకు అలాంటి ఫలితమే వచ్చింది. ఆ మాత్ర బీటా కణంలోనూ, టీ కణంలోనూ ఒకేలా పనిచేస్తుంది. అందుకే నేరుగా తగిలిన దెబ్బ ఎంత, టీ కణం వేసిన దెబ్బ ఎంత అన్న లెక్క ఆ ఫలితంలోంచి తీయడం కుదరదు.