ఆసు పోసిన చేతులు

పోచంపల్లి చీర అందం గురించి చాలా చదివాను. దాని వెనకున్న భుజం నొప్పి గురించి చదివింది తక్కువ. మగ్గం మీద మగాయన కూర్చోవాలంటే ముందు ఇంట్లో ఆడవాళ్ళు ఆసు పోయాలి. పేకనూలుని రంగులద్దకానికి సిద్ధం చేసే పని అది. ఒక్క చీరకి మేకుల చుట్టూ దాదాపు 9000 సార్లు చెయ్యి తిప్పాలి.

ఆలేరు ప్రాంతంలో తల్లి లక్ష్మి పడే ఆ బాధ చూడలేక చింతకింది మల్లేశం 1992లో ఇంట్లోనే యంత్రం తయారీ మొదలుపెట్టారు. 1999కి అది పూర్తయింది. గంటల తరబడి సాగే పని గంటన్నరకి దిగింది. యంత్రానికి అమ్మ పేరే పెట్టారు, ‘లక్ష్మీ ఆసు’ అని. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

సంతోషమే. కానీ ఆ యంత్రం అనుకరించింది ఎవరి చేతి కదలికని? ఇంటిపనిలో కలిసిపోయి, నైపుణ్యంగా లెక్కకి రాని అమ్మ పనినే కదా! మన చేనేత చరిత్రని ఆసు దగ్గర్నుంచి మొదలుపెట్టి రాసుకోవాలి.