శివరాత్రి, మిరప కళ్లంలో

పొద్దు గూకి గంట దాటింది. కనిగిరి కొండ చీకట్లో కలిసిపోయింది. ఊరి దీపాలున్న వైపు మాత్రం ఆకాశం అడుగున కాస్త బూడిద రంగు. మేమున్నది ఊరికి దూరంగా, బాబాయి మిరప కళ్లంలో. పట్టాల మీద పగలంతా ఎండిన కాయలు ఇంకా వేడి వదల్లేదు. ఊపిరి తీస్తే గొంతులో ఘాటు. శివరాత్రి కాబట్టి ఎవరూ పడుకోరు, చంద్రుడు తెల్లారగట్ల గానీ రాడు. నా ఎనిమిదంగుళాల టెలిస్కోపుకి ఇంతకంటే మంచి రాత్రి ఏడాదిలో దొరకదు.

ఛార్జింగ్ లైటుకి ఎర్రగుడ్డ చుట్టాను. తెల్ల వెలుగు పడిందంటే కళ్లు చీకటికి మళ్లీ అలవాటు పడడానికి అరగంట కావాలి. మంచం పక్కన గంప ముందేసుకుని తాలుకాయలు ఏరుతున్న పిన్ని చెయ్యి ఆగిపోయింది.

"ఏందబ్బయ్యా ఇది? తాలుకాయా మంచికాయా ఒకటే మాదిరి కనపడతన్నయ్యి!"

నిజమే. ఎర్ర వెలుగులో ఎర్రకాయా, తెల్లబారిన తాలూ ఒకే పాలిపోయిన రంగు. ఆమె ఒక కాయని వేళ్ల మధ్య నలిపి చూసింది, ముడతలు తడిమింది, మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. నేను చేయబోయేదీ అలాంటి పనే. ఇంత చిన్న అద్దంలో గెలాక్సీల రంగు కంటికి అందదు. అన్నీ బూడిద మరకలే. ఆకారం ఒక్కటే ఆధారం.

వాయవ్యాన ఆండ్రోమెడా దిగిపోతోంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. నడుమ కాంతి గడ్డ, రెండు వైపులా సాగిన పలచటి పొగ. సర్పిల గెలాక్సీయే, కానీ మనకేసి బాగా వాలి ఉండటంతో చేతులు విడిగా తెలియవు. పక్కనే ఎం 32 గుండ్రటి దూదిచుక్కలా ఉంది. చేతుల్లేవు, మడతల్లేవు. అది దీర్ఘవృత్తాకార జాతి. 1923లో ఎడ్విన్ హబుల్ ఈ ఆండ్రోమెడాలోనే వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక సెఫీడ్ తారను పట్టుకుని, ఇది మన పాలపుంతకు బయటిదని తేల్చాడు. 1926లో గెలాక్సీలన్నిటినీ ఆకారాన్ని బట్టి వేరుచేశాడు. చేతులు బిగించి చుట్టుకున్నవీ, వదులుగా విప్పినవీ ఒక వరుస. నడుమ కడ్డీ ఉన్నవి ఇంకో వరుస. దీర్ఘవృత్తాలు పిడి. 1936 నాటి పుస్తకంలో ఆయన గీసిన బొమ్మ అచ్చం పంగలకర్రే.

అర్ధరాత్రి. ఉత్తరాన ఎం 81, ఎం 82 గెలాక్సీలు ఎత్తుకు వచ్చాయి. బాబాయి ఒంగి చూశాడు.

"ఒకటి దోసగింజ, ఇంకోటి విరిగిన పుల్ల."

సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల అవతలున్న ఆ పుల్లని హబుల్ ఏ వరుసలోనూ ఇమడదని క్రమం లేనివాటిలో వేశాడు. పక్కనున్న పెద్దది లాగినందువల్లే దానిలో వాయువు కలగుండు పడి, కొత్త తారలు ఎడాపెడా పుడుతున్నాయి. ఇక్కడ హైదరాబాదును తలుచుకోవాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం చెప్పిన సాలెహ్ మొహమ్మద్ అల్లాదీన్, ఢీకొనే గెలాక్సీల గతిశాస్త్రం మీద 1965లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. రెండు గెలాక్సీలు ఒకదాంట్లోంచి ఒకటి దూసుకుపోయినా తారలు దాదాపుగా తగులుకోవు, వాటి మధ్య ఎడం అంత. కానీ ఆకర్షణ లోపలి శక్తిని మార్చేస్తుంది. ఎంత మారుస్తుందో ఆయన లెక్కకట్టారు. టూమ్రే సోదరులు ఢీకొన్న గెలాక్సీల తోకలనూ వంతెనలనూ కంప్యూటరులో చూపించింది 1972లో. అల్లాదీన్ పేరు మన పిల్లల పాఠాల్లో ఉండాలి. గట్టిగా అనుకుంటున్నాను.

రెండున్నరకి ఎం 87 నడినెత్తికి వచ్చింది. గొట్టం నిలువుగా నిలబెట్టాను.

"దీంట్లో ఏం లేదే," అన్నాడు బాబాయి.

అంచులకు పోయేకొద్దీ మసకబారే గుండ్రటి వెలుగు, అంతే. దాదాపు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, ఎన్నో గెలాక్సీలను మింగి, కొత్త తారలు పుట్టించే చల్లటి వాయువు దాదాపు అడుగంటి, ముసలి తారలతో నిండిన రాశి అది. 2019లో ప్రపంచం చూసిన మొదటి కృష్ణబిలం చిత్రం దాని నడిబొడ్డుదే. చెప్పాక బాబాయి మళ్లీ ఒంగి చాలాసేపు చూశాడు.

మూడున్నర. మంచు పడుతోంది. గొట్టం ఎం 51 వైపు తిప్పాను. 1845లో లార్డ్ రాస్ ఆరడుగుల అద్దంతో మొట్టమొదట సర్పిలాన్ని గుర్తుపట్టింది దీంట్లోనే. పిన్నికి ఏమీ చెప్పకుండా చూడమన్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి చూసింది.

"రెండుండయ్యి. పెద్దదాని చెయ్యి చిన్నది పట్టుకు లాగతన్నట్టుండాది." కాసేపాగి, "ఎవురు ఎవుర్ని లాగతన్నారబ్బయ్యా?"

"ఇద్దరూ, పిన్నీ."

తూర్పున సన్నటి నెలవంక లేచింది, వెనకే తెల్లటి చార. ఎర్రగుడ్డ విప్పేశాను. పిన్ని గంప దగ్గరికి వెళ్లి రాత్రి ఏరిన కుప్పను వెలుతురులోకి జరుపుకుంది. మంచికాయల్లోంచి నాలుగు తాలుకాయలు తీసి పక్కన పడేసింది.