మహిళల ఓటు: పోలింగ్ శాతం, పార్టీల వైపు మొగ్గు

ఎన్నికల అధ్యయనంలో ఆడ, మగ తేడాను రెండు చోట్ల చూస్తారు. ఓటు వేయడానికి ఎవరెంతమంది వచ్చారన్నది మొదటిది. వచ్చినవారు ఏ పార్టీకి వేశారన్నది రెండోది. మొదటి లెక్క పోలింగ్ కేంద్రంలోనే తేలుతుంది, అక్కడి రికార్డులే దానికి ఆధారం. రెండో లెక్క అలా దొరకదు. ఓటు రహస్యం కాబట్టి, ఎన్నికల తర్వాత ఇళ్లకు వెళ్లి అడిగే సర్వేలే దానికి దిక్కు. ఈ రెండింటికీ ఒకే పాటి నమ్మకం ఇవ్వలేం. అయినా పోలింగ్ ముగిసిన సాయంత్రం నుంచే మొదటిదాన్ని చూసి రెండోదాన్ని చెప్పేయడం మన రాజకీయ చర్చల్లో అలవాటుగా మారింది. ఆడవాళ్ల క్యూ పొడవుగా ఉందంటే ఫలానా పార్టీ గట్టెక్కినట్టే అంటారు. భారతదేశపు డెబ్బై ఏళ్ల అనుభవం, అందులోనూ తెలుగునాట జరిగిన ఎన్నికలు ఆ మాటను బలపరచవు. మహిళల్ని పోలింగ్ కేంద్రానికి రప్పించే కారణాలు వేరు, ఒక పార్టీ వైపు మొగ్గేలా చేసేవి వేరు. మొగ్గు అన్నది ఆడ పుట్టుకతో వచ్చే గుణం కాదు. బతుకు పరిస్థితి మారితే అదీ మారుతుంది.

ఓటు హక్కు కావాలని ఈ దేశపు మహిళలు స్వాతంత్ర్యానికి చాలా ముందే అడిగారు. 1917లో సరోజినీ నాయుడుతో కూడిన మహిళా బృందం మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి ఆ కోరిక ముందుంచింది. 1921లో మద్రాసు ప్రెసిడెన్సీ మహిళలకు ఓటు ఇచ్చింది. కోస్తా, రాయలసీమ అప్పుడు అందులోనే ఉండేవి. ఆస్తి ఉన్నవారికే ఆ హక్కు దక్కింది కాబట్టి లబ్ధి పొందినవారు కొద్దిమందే. అందరికీ ఓటు వచ్చింది రాజ్యాంగంతోనే. 1951-52 తొలి సాధారణ ఎన్నికల జాబితా తయారు చేస్తున్నప్పుడు లక్షలాది మహిళలు తమ పేరు చెప్పడానికి ఒప్పుకోలేదు, ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అనే రాయించుకున్నారు. తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటి నమోదు చెల్లదన్నారు. బిహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ తదితర ప్రాంతాల్లో దాదాపు 28 లక్షల మంది మహిళలు ఆ విధంగా జాబితాకెక్కలేదు. ఆ నిర్ణయం అప్పట్లో కఠినంగానే కనిపించి ఉంటుంది. కానీ మహిళ తన పేరుతోనే ఓటరు కావాలన్న సూత్రం అక్కడే స్థిరపడింది, తర్వాత జరిగిన మార్పంతా దాని మీదే నిలబడింది.

1962 లోక్‌సభ ఎన్నికల్లో మగవారిలో 63.31 శాతం ఓటు వేస్తే ఆడవారిలో 46.63 శాతమే వేశారు. ఈ పదహారు శాతానికి పైబడిన తేడా తగ్గడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 2009లో అది నాలుగున్నర శాతం దగ్గరికి, 2014లో ఒకటిన్నర శాతం దగ్గరికి దిగింది. 2019లో మహిళలు స్వల్పంగా ముందుకు వచ్చారు. 2024లో మహిళల పోలింగ్ 65.78 శాతం, పురుషులది 65.55 శాతం. అమెరికాలో 1980 నుంచీ అధ్యక్ష ఎన్నికల్లో మహిళల శాతమే ఎక్కువగా ఉంటోంది. అక్కడ 1920లో మహిళలకు ఓటు ఇచ్చిన రాజ్యాంగ సవరణ వచ్చిన ఆరు దశాబ్దాలకు అది జరిగింది. చదువులోనూ, జీతానికి పనిచేయడంలోనూ అమెరికా మహిళల కంటే ఎంతో వెనకబడిన స్థితిలో ఉండి కూడా భారత మహిళలు దాదాపు అంతే కాలంలో అదే మెట్టు ఎక్కారు. చదువు, ఉద్యోగం పెరిగితే తప్ప మహిళలు రాజకీయాల్లోకి రారన్న పాశ్చాత్య సూత్రానికి ఇది పెద్ద మినహాయింపు. పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణ, ఊరూరా ఏర్పడిన పొదుపు సంఘాలు, ఫొటో గుర్తింపు కార్డులు, 2009 తర్వాత ఎన్నికల సంఘం చేపట్టిన ఓటరు చైతన్య కార్యక్రమాలు కలిసి ఈ మార్పు తెచ్చాయి. వీటిలో ఏ ఒక్కటీ ఒక పార్టీకి చెందినది కాదు.

ఈ అంకెల్ని చదవడంలో ఒక చిక్కుంది. శాతాన్ని జాబితాలో ఉన్నవారి మీద లెక్కిస్తారు గానీ ఓటు వయసు వచ్చిన వారందరి మీదా లెక్కించరు. పెళ్లయితే ఆడపిల్ల ఊరు మారుతుంది, పుట్టింటి జాబితాలో పేరు తీసేస్తారు, అత్తింటి జాబితాలో ఎక్కడానికి ఏళ్లు పడుతుంది. ప్రణయ్ రాయ్, దొరాబ్ సొపారివాలా 2019లో వెలువరించిన పుస్తకంలో జాబితాలో లేని మహిళల సంఖ్యను 2 కోట్ల 10 లక్షలుగా అంచనా వేశారు. జాబితాలో చేరనివాళ్లు ఓటు వేయని వారి లెక్కలోకే రారు కాబట్టి మహిళల శాతం ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. బిహార్‌లో ఇంకో రకం చిక్కు. 2015 శాసనసభ ఎన్నికల్లో అక్కడ మహిళల పోలింగ్ 60.48 శాతం, పురుషులది 53.32 శాతం. మహిళల ఉత్సాహం నిజమే. కానీ లక్షలాది మగవాళ్లు ఢిల్లీ, పంజాబ్, గుజరాత్‌లకు కూలికి వెళ్లినా వారి పేర్లు ఊరి జాబితాలో అలాగే ఉన్నాయి, ఆ తేడాలో కొంత భాగం వలసదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఓటు వేసిన మహిళలు సుమారు 1 కోటి 69 లక్షలు, పురుషులు 1 కోటి 64 లక్షలు. దాదాపు 5 లక్షల ఈ ఆధిక్యాన్ని మహిళా ప్రభంజనంగా చెప్పుకున్నారు. రాష్ట్ర జాబితాలోనే మహిళలు ఏడు లక్షలు ఎక్కువ కాబట్టి వచ్చిన తేడా అది. శాతాల్లో చూస్తే ఇద్దరూ ఇంచుమించు సమానం, ఇద్దరూ 80 శాతం దాటారు.

మొగ్గు విషయానికి వస్తే, దీని మీద తొలి సిద్ధాంతం యూరప్‌లో పుట్టింది. ఫ్రెంచి రాజనీతి శాస్త్రవేత్త మోరిస్ డువెర్జే 1955లో యునెస్కో కోసం రాసిన అధ్యయనంలో మహిళలు తక్కువగా ఓటు వేస్తారని, వేసేవారు సంప్రదాయవాద పార్టీల వైపు కొంత మొగ్గుతారని చూపించాడు. చిలీలో దీనికి గట్టి ఆధారం దొరుకుతుంది, ఎందుకంటే అక్కడ చాలాకాలం ఆడ, మగ ఓటర్లకు వేర్వేరు పోలింగ్ కేంద్రాలు ఉండేవి. సర్వేతో పని లేకుండా అసలు ఓట్లే విడివిడిగా లెక్కకు వచ్చేవి. 1970 అధ్యక్ష ఎన్నికల్లో సోషలిస్టు అయెండేకు మగవారి కంటే ఆడవారిలో దాదాపు పది శాతం తక్కువ ఓట్లు పడ్డాయి. ఈ మొగ్గు మీద భయం ఓటు హక్కునే అడ్డుకుంది. చర్చి చెప్పినట్టు ఓటేస్తారన్న అనుమానంతో ఫ్రాన్స్ సెనేట్‌లో ర్యాడికల్స్ మహిళల ఓటును ఆపుతూ వచ్చారు, 1944 దాకా అది రాలేదు. స్పెయిన్‌లో 1931లో విక్టోరియా కెంట్ తాను మహిళా సభ్యురాలై ఉండి కూడా ఇదే కారణంతో వాయిదా కోరింది. క్లారా కాంపోఅమోర్ ఎదురు నిలిచి హక్కు సాధించింది. 1933లో మితవాదులు గెలిస్తే నింద మహిళల మీద పడింది. 1936లో అదే మహిళలు ఓటు వేసిన ఎన్నికల్లో వామపక్ష కూటమి గెలిచింది. స్వభావమే కారణమైతే మూడేళ్లలో అది మారదు.

తర్వాతి దశాబ్దాల్లో డువెర్జే చూపిన మొగ్గు చాలా దేశాల్లో తిరగబడింది. 1980లో రేగన్‌కు మగవారిలో పడిన ఓట్ల కంటే ఆడవారిలో దాదాపు ఎనిమిది శాతం తక్కువ పడ్డాయి, అప్పటి నుంచి అమెరికా మహిళలు డెమొక్రాట్ల వైపే ఎక్కువ ఉంటున్నారు. రోనల్డ్ ఇంగ్ల్‌హార్ట్, పిప్పా నారిస్ 2000లో ఈ మార్పును వివరిస్తూ మహిళల ఉద్యోగాలు, విడాకులు, మతం పట్టు సడలడం కారణాలుగా చూపారు. కుటుంబం ఇచ్చే భద్రత తగ్గి ప్రభుత్వం ఇచ్చే భద్రత అవసరమైనప్పుడు, ఆ భద్రత ఇస్తామన్న పార్టీ వైపు మహిళలు జరుగుతారన్నది వారి వాదన సారం. దక్షిణ కొరియాలో 2022 అధ్యక్ష ఎన్నికల ఎగ్జిట్ పోల్ ప్రకారం ఇరవైల వయసు మగవారిలో 58 శాతానికి పైగా సంప్రదాయవాది యూన్‌కు, అదే వయసు ఆడవారిలో 58 శాతం ఆయన ప్రత్యర్థికి వేశారు. ఒకే తరం, ఒకే చదువు అయినా ఓటు రెండుగా చీలింది. కొరియాలో సైనిక సేవ, ఉద్యోగాల పోటీ, లింగ సమానత్వ మంత్రిత్వ శాఖ మీద గొడవ ఎన్నికల్లో ముందుకొచ్చాయి కాబట్టే అలా చీలింది.

భారతదేశంలో వామపక్షం, మితవాదం అన్న గీతతో మహిళల ఓటును కొలవడం కుదరదు. ఇక్కడి సర్వేలు చూపేది పార్టీల మధ్య చిన్న చిన్న తేడాలే. చాలాకాలం కాంగ్రెస్‌కు మహిళల్లో కొంత మొగ్గు, భాజపాకు కొంత లోటు ఉండేది. లోక్‌నీతి సంస్థ సర్వేల ప్రకారం 2014లో భాజపాకు ఆడవారిలో దాదాపు నాలుగు శాతం తక్కువ ఓట్లు పడ్డాయి, 2024కి ఆ లోటు ఒక శాతానికి దిగింది. అంటే దేశవ్యాప్తంగా మహిళల పోలింగ్ మగవారిని అందుకున్న ఆ కాలంలోనే ఓటు ఎంపికలో తేడా సన్నబడింది. ఎక్కువమంది రావడం వేరు గొంతుగా ఓటు వేయడమే అయితే ఆ తేడా పెరగాలి. కులం, ప్రాంతం, వయసు చూపే తేడాల ముందు ఈ ఒకటి, నాలుగు శాతాలు చాలా చిన్నవి.

అయినా మహిళలు మహిళలుగా ఓటును కదిలించిన సందర్భం ఒకటి తెలుగునాటే ఉంది. అక్షరాస్యతా ఉద్యమం నెల్లూరు జిల్లా పల్లెల్లో రాత్రి బడులు నడిపిన రోజుల్లో, 1992లో దూబగుంట మహిళలు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు ఆ ఊరితో కలిసిపోయింది. వారి కథ వాచకాల్లో పాఠమై పక్క ఊళ్లకు పాకింది. సారా వేలం పాటలు అడ్డుకున్నారు, ప్యాకెట్లు తగలబెట్టారు. సారాను ప్యాకెట్లలో ఇంటి గుమ్మం దాకా తెచ్చిన వారుణి వాహిని పథకం అంతకు ముందటి తెలుగుదేశం ప్రభుత్వానిది. కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. కోరిన నిషేధం ఇచ్చిన కాంగ్రెస్ 1994 డిసెంబరులో 26 స్థానాలకు పడిపోయింది. సంపూర్ణ మద్య నిషేధం, రెండు రూపాయల కిలో బియ్యం వాగ్దానం చేసిన ఎన్.టి. రామారావు 294లో 216 స్థానాలు గెలిచారు. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం మద్య నిషేధాన్ని ఎత్తేసింది, 1999లో ఆ పార్టీయే 180 స్థానాలతో మళ్లీ వచ్చింది. సారా మీద కోపం ఒక ఎన్నికలో నిర్ణయాత్మకంగా పనిచేసింది, కానీ ఏ పార్టీకీ శాశ్వతమైన మహిళా ఓటును తెచ్చిపెట్టలేదు. ఆ పోరాటం గొప్పతనం దీనివల్ల తగ్గదు. రేట్లు, జీతాలు, కులం తప్ప ఎన్నికల్లో మరేమీ ఉండదనుకున్న రోజుల్లో ఇంట్లో పడుతున్న దెబ్బను ఆ పల్లె ఆడవాళ్లు ఎన్నికల అంశం చేశారు.

పథకాలు మహిళల ఓటును కట్టిపడేస్తాయన్న వాదన ఇప్పుడు బలంగా వినిపిస్తోంది. మధ్యప్రదేశ్‌లో లాడ్లీ బెహనా తర్వాత 2023లో భాజపా, మహారాష్ట్రలో లాడ్కీ బహీణ్ తర్వాత 2024లో అధికార కూటమి గెలిచాయి. దాన్ని కొట్టిపారేయలేం. ప్రతి నెలా సొంత ఖాతాలో పడే సొమ్ముకు, అది చేతికందే మహిళకు ఉన్న విలువ చిన్నది కాదు. కానీ తెలుగు రాష్ట్రాల వరుస చూడండి. డ్వాక్రా సంఘాలను, దీపం గ్యాస్ పథకాన్ని తన గుర్తింపుగా చేసుకున్న తెలుగుదేశం ప్రభుత్వం 2004లో 47 స్థానాలకు దిగింది. 2019లో పసుపు కుంకుమ పేరిట పోలింగ్‌కు ముందే పదివేల రూపాయలు అందిన పొదుపు సంఘాల మహిళలున్న రాష్ట్రంలో అదే పార్టీకి 23 స్థానాలు వచ్చాయి. అమ్మఒడి, చేయూత, ఆసరా ఇచ్చి, ఇళ్ల పట్టాలు మహిళల పేరనే రాయించిన వైఎస్సార్ కాంగ్రెస్ 2024లో 11 స్థానాలతో మిగిలింది. తెలంగాణలో కల్యాణలక్ష్మి, కేసీఆర్ కిట్ ఉండగానే 2023లో భారాస ఓడింది, ఉచిత బస్సు, 500 రూపాయల గ్యాస్ వాగ్దానం చేసిన కాంగ్రెస్ 64 స్థానాలు గెలిచింది. ఒక పక్షమే ఇస్తున్నప్పుడు పథకం ఓటును కదిలిస్తుంది. రెండు పక్షాలూ పోటీపడి ఇస్తామన్నప్పుడు అది కనీస అర్హత అయిపోతుంది, తేల్చేది ధరలు, ఉద్యోగాలు, పాలన తీరు, కులం, పొత్తు.

భర్త చెప్పిన చోటే భార్య ఓటు వేస్తుంది, కాబట్టి ఈ చర్చే అనవసరం అనేవారూ ఉన్నారు. ఆలుమగల ఓటు చాలాసార్లు ఒకటే అవుతుందన్నది నిజం. కానీ ఒకే పొలం మీద, ఒకే అప్పు కింద, ఒకే కులంలో బతికే ఇద్దరు ఒకే పార్టీని ఎంచుకుంటే అది ఒకరి ఆజ్ఞ వల్లేనని చెప్పడానికి ఆధారం కావాలి. మగవాడి ఓటు తండ్రి ఓటుతో, కుల పెద్ద ఓటుతో కలిసినప్పుడు దాన్ని ఎవరూ లొంగుబాటు అనరు. ఒత్తిడి ఉన్న ఇళ్లు ఉన్నాయి, బూత్ లోపలి అట్టపెట్టె తెర అలాంటి ఇళ్ల మహిళలకే అందరికంటే ఎక్కువ అవసరం. బిహార్‌లో భర్తలు వందల మైళ్ల దూరంలో ఉన్న రోజుల్లో మహిళలు క్యూ కట్టారు. దూబగుంటలో భర్తలకు ఎదురుగానే నిలబడ్డారు.

పోలింగ్‌లో తేడా పోయిన తర్వాత కూడా పోనిది అభ్యర్థుల జాబితాలో కనిపిస్తుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో పోటీ చేసిన మహిళలు 800 మంది. 152 నియోజకవర్గాల్లో ఒక్క మహిళ కూడా బరిలో లేదు. గెలిచినవారు 74 మంది, 2019 కంటే నలుగురు తక్కువ. చట్టసభల్లో మూడో వంతు స్థానాలు కేటాయించే 106వ రాజ్యాంగ సవరణను 2023లో పార్లమెంటు ఆమోదించింది. జనగణన, దాని ఆధారంగా నియోజకవర్గాల పునర్విభజన పూర్తయ్యాకే కేటాయింపు అమలవుతుందని ఆ సవరణలోనే రాసి ఉంది.