లిట్టర్ బాక్స్ చెప్పే సంగతులు: పిల్లి జీర్ణ సమస్యలను ముందే గుర్తించడం ఎలా?

మగపిల్లి లిట్టర్ బాక్స్‌లోకి పదేపదే వెళ్లి, చాలాసేపు ముక్కుతూ కూర్చుని, ఏమీ విసర్జించకుండానే బయటికి వస్తుంటే ఇంట్లోవారికి మొదట తోచేది మలబద్ధకమే. కాస్త ఆముదమో పాలో పట్టి తెల్లవారేదాకా చూద్దామనుకుంటారు. అది ముక్కుతున్నది మలం కోసం కాక మూత్రం కోసమైతే ఆ ఒక్క రాత్రి ఆలస్యమే దాని ప్రాణం తీయవచ్చు. మగపిల్లుల మూత్రనాళం సన్నగా ఉంటుంది. స్ఫటికాలో, జిగురు పదార్థమో అందులో అడ్డుపడితే మూత్రం పూర్తిగా నిలిచిపోతుంది. అప్పుడు రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. చికిత్స అందకపోతే ఒకటి రెండు రోజుల్లోనే మరణం సంభవించవచ్చు. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించిన మగపిల్లులకూ ఈ ముప్పు ఉంటుంది.

కాలు కాలిన పిల్లిలా తిరగడమన్న తెలుగు నుడికారం ఈ స్థితికి సరిగ్గా సరిపోతుంది. బాక్స్‌లోకి, బయటికి తిరుగుతూ, అరుస్తూ, మర్మాంగాన్ని నాకుతూ ఉన్న మగపిల్లిని, అర్ధరాత్రి అయినా సరే, వెంటనే పశువైద్యుని వద్దకు చేర్చాలి. మలబద్ధకమా, మూత్రం ఆగిందా అన్న సంశయాన్ని చాలావరకు తీర్చేది లిట్టర్ బాక్సే. గడ్డకట్టే రకం మట్టిలో మూత్రం ఉండలుగా మారుతుంది. నిన్న మూడు ఉండలు కనిపించి నేడు ఒక్కటీ లేకపోతే, లేదా గోళీలంత చిన్న ఉండలు మాత్రమే ఉంటే, అది మూత్ర సమస్యేనని ముందుగా అనుమానించాలి. రోజూ శుభ్రం చేసే ఇంటిలోనే ఈ తేడా బయటపడుతుంది. మూడు రోజులకొకసారి చూసేవారికి ఏ ఉండ ఏనాటిదో తెలియదు.

ఏది సహజం?

ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి సాధారణంగా రోజుకు ఒకటి రెండు సార్లు మలవిసర్జన చేస్తుంది. మలం గోధుమ రంగులో, ఆకారం నిలిచి, మట్టి రేణువులు కొంచెం అంటుకునేంత తేమతో ఉండాలి. మేక పెంటికల వలె చిన్న, గట్టి ఉండలుగా, మట్టి అంటనంత పొడిగా ఉంటే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. ఎర్రటి రక్తపు చారలు, జిగురు పెద్దపేగు వాపును సూచిస్తాయి. తారు వంటి నల్లని మలం కడుపులోనో చిన్నపేగులోనో రక్తస్రావం జరుగుతోందని చెబుతుంది. నల్లని మలం కనిపించిన రోజే వైద్యుని సంప్రదించాలి. పిల్లి తన నొప్పిని దాచుకునే జంతువు. మూలుగు, కుంటు వంటివి ఆలస్యంగా బయటపడతాయి గనుక ఈ ఆనవాళ్లకు అంత విలువ.

మలబద్ధకం

పెంపుడు పిల్లికి మూలపురుషుడు ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారి ప్రాంతాల అడవిపిల్లి. వేటాడిన జంతువు మాంసంలోని నీటితోనే అది చాలావరకు బతికేది. ఆ వారసత్వం వల్ల పెంపుడు పిల్లికి దాహం తక్కువ. నాలుగు కిలోల పిల్లికి ఆహారంలోని తేమతో కలిపి రోజుకు దాదాపు 200 మిల్లీలీటర్ల నీరు అవసరం. డబ్బాలో వచ్చే తడి ఆహారంలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే ఉంటుంది. గింజల రూపంలోని పొడి ఆహారంలో అది పదింట ఒక వంతుకు మించదు. పొడి ఆహారం మీదే ఆధారపడిన పిల్లి ఆ లోటును తాగి పూరించుకోవాలి. చాలా పిల్లులు ఆ పని పూర్తిగా చేయవు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే తెలుగు రాష్ట్రాల వేసవిలో ఈ లోటు మరింత పెరుగుతుంది. తడి ఆహారం ఇవ్వడం, వెడల్పాటి గిన్నెలలో ఇంట్లో రెండు మూడు చోట్ల నీరు ఉంచడం, ఆ నీటిని రోజూ మార్చడం మొదటి జాగ్రత్తలు. తిండి గిన్నె పక్కనే, లిట్టర్ బాక్స్ పక్కనే ఉంచిన నీటిని అనేక పిల్లులు ముట్టవు.

నీటి కొరతకు తోడు మూత్రపిండాల వ్యాధి, స్థూలకాయం, ముసలితనపు కీళ్లనొప్పులు, మింగిన వెంట్రుకలు కూడా మలబద్ధకానికి కారణాలే. సులువుగా తట్టని కారణం మరొకటి ఉంది. బాల్కనీ నుంచి పడటం వల్లనో వాహనం తగలడం వల్లనో కటి ఎముక విరిగి, వంకరగా అతుక్కున్న పిల్లులలో మలం వెళ్లే దారి ఇరుకవుతుంది. ప్రమాదం జరిగిన చాలాకాలానికి మలబద్ధకం మొదలుకావచ్చు కనుక పాత గాయాల సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

రెండు మూడు రోజులు మలం రాకపోతే వైద్య సహాయం పొందాలి. ఆలోగా వాంతులు, ఆకలి మందగించడం, నీరసం ఉంటే ఆగకూడదు. నిల్వ ఉన్న మలం నుంచి పెద్దపేగు నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. రోజు గడిచేకొద్దీ మలం రాయిలా మారుతుంది, పేగు సాగుతుంది. ఇది పదేపదే జరిగితే పేగు కండరాలు బిగువు కోల్పోయి మెగాకోలన్ అనే స్థితి ఏర్పడుతుంది. అక్కడి నుంచి జీవితాంతం మందులు, కొన్ని సందర్భాల్లో పెద్దపేగులో ఎక్కువ భాగాన్ని తొలగించే శస్త్రచికిత్స అవసరమవుతాయి.

ఇంటి వైద్యం ఎక్కువగా చేటు చేసేది ఈ దశలోనే. ఆముదం, పారఫిన్ నూనె బలవంతంగా నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియాకు దారితీయవచ్చు. మనుషుల కోసం మందుల దుకాణాల్లో అమ్మే సోడియం ఫాస్ఫేట్ ఎనిమా పిల్లికి ప్రాణాంతకం. ఈసబ్‌గోల్ పొట్టు కొన్ని పిల్లులకు నిజంగానే మేలు చేస్తుంది. అయితే ఒంట్లో నీరు తగ్గిన పిల్లికి, పేగు సాగిపోయిన పిల్లికి అదే మరింత అడ్డుగా మారుతుంది. వైద్యులు ముందుగా సెలైన్ ఎక్కించి, తరువాత లాక్టులోజ్ వంటి మందులతో మలాన్ని మెత్తబరుస్తారు.

విరేచనాలు, పాలు, పురుగులు

పిల్లిని, పాలను విడదీసి చూడటం తెలుగువారికి కష్టం. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి సామెతగా స్థిరపడింది. శాస్త్రం మాత్రం పాలకు అనుకూలంగా లేదు. తల్లిపాలు మానిన తరువాత పిల్లి కూనల్లో లాక్టోజ్‌ను జీర్ణం చేసే ఎంజైమ్ తగ్గిపోతుంది. అరగని లాక్టోజ్ పేగులో పులిసి విరేచనాలు కలిగిస్తుంది. తెనాలి రామకృష్ణుని కథలో మూతి కాలి, పాలను చూస్తేనే పారిపోయిన పిల్లి కడుపు మిగతా పిల్లుల కంటే నెమ్మదిగానే ఉండి ఉంటుంది. పెరుగన్నంతో పెంచడం కూడా సరికాదు. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పదార్థం అందకపోతే దాని గుండె, కంటిచూపు దెబ్బతింటాయి. అన్నంలో అది దొరకదు.

ఆహారాన్ని ఒక్కసారిగా మార్చినా విరేచనాలు పట్టుకుంటాయి. కొత్త ఆహారాన్ని పాతదానితో కలుపుతూ వారం పది రోజుల్లో మార్పు పూర్తిచేయాలి. ఉత్సాహంగా తిని ఆడుకుంటున్న పెద్ద పిల్లికి ఒకటి రెండు సార్లు పలుచగా అయితే ఒక రోజు గమనించవచ్చు. కూనల విషయంలో ఆ వెసులుబాటు లేదు. వాంతులు, జ్వరం, రక్తంతో కూడిన విరేచనాలు కలిసి వస్తే అది పాన్‌ల్యూకోపీనియా కావచ్చు. పిల్లులలో అత్యంత ప్రాణాంతకమైన ఈ వైరస్ వ్యాధికి నేరుగా పనిచేసే మందు లేదు, నివారణకు టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాలు నిండే వరకు విడతలుగా టీకా ఇస్తారు.

మలద్వారం చుట్టూ, పడుకునే గుడ్డపై బియ్యపు నూకల వంటి ముక్కలు కనిపిస్తే అవి బద్దెపురుగు ఖండాలు. దానిని మోసేది ఈగ కాదు, ఒంటి మీది గోమారి. గోమార్లను వదిలించకుండా పురుగు మందు మాత్రమే ఇస్తే పురుగు మళ్లీ వస్తుంది. అందుకని కుక్కల కోసం అమ్మే గోమార్ల మందును వాడరాదు. వాటిలో కొన్నింటిలో ఉండే పర్మెత్రిన్ పిల్లికి విషం. ఇంట్లోని పారాసిటమాల్ కూడా అంతే, ఒక్క మాత్ర చాలు.

దారాలు

నిదానంగా చూద్దామనడానికి వీలులేని మరో కడుపు సమస్య దారం. సూది దారం, పూలదండ దారం, సంక్రాంతి రోజుల్లో గాలిపటాల మాంజా పిల్లి నాలుక మీది ముళ్లకు చిక్కుకుంటే ఉమ్మివేయలేక మింగేస్తుంది. ఒక కొస నాలుక కిందో కడుపులోనో ఆగిపోయి, మిగతా దారం పేగులోకి వెళితే, పేగు కుచ్చిళ్లు పడినట్లు ముడుచుకుని తెగుతుంది. మలద్వారం వద్ద దారం వేలాడుతున్నా లాగకూడదు, నోటి దగ్గరా లాగకూడదు. అలాగే ఉంచి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తరచు వాంతి చేసుకునే పిల్లికి ‘వెంట్రుకల ఉండలే’ అని సరిపెట్టుకోవడమూ మంచిది కాదు. వారానికొకసారి వాంతి అవుతున్నా పరీక్ష చేయించాలి.

బాక్స్ వెలుపల చేస్తే

మంచం మీద, తలుపు దగ్గర మలవిసర్జన చేసే పిల్లిని పొగరుగా, పగగా చూసి కొట్టడం కనిపిస్తుంది. విసర్జన సమయంలో నొప్పి కలిగిన పిల్లి ఆ నొప్పిని బాక్స్‌తో ముడిపెట్టుకుని దానికి దూరమవుతుంది. కొడితే ఆ భయం రెట్టింపవుతుంది. ముందు వ్యాధి లేదని తేల్చుకుని, ఆపై బాక్స్ సంగతి చూడాలి. పిల్లుల సంఖ్య కంటే ఒక బాక్స్ ఎక్కువగా, వేర్వేరు చోట్ల ఉంచాలన్నది నిపుణుల సాధారణ సూచన. బాక్స్ పొడవు పిల్లి శరీరానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. దుకాణాల్లో అమ్మే చాలా ట్రేలు ఇంత పెద్దవి కావు, పెద్ద ప్లాస్టిక్ టబ్బు అంచును ఒకవైపు కోసి వాడటం మేలు. ముసలి పిల్లికి ఎత్తయిన అంచు కూడా అడ్డంకే. వాషింగ్ మెషీన్ పక్కన, జనం తిరిగే దారిలో ఉంచితే పిల్లి వెనుకాడుతుంది.

ఈ మట్టికీ ఒక చరిత్ర ఉంది. 1947లో అమెరికాలోని మిషిగన్‌కు చెందిన ఎడ్వర్డ్ లోవ్ బూడిదకు బదులుగా ఫుల్లర్స్ ఎర్త్‌ను పిల్లుల కోసం అమ్మడం మొదలుపెట్టారు. మన ఇళ్లలో ముఖానికి పూసుకునే ముల్తానీ మట్టి ఆ జాతిదే. 1980లలో తడి తగలగానే గడ్డకట్టే బెంటోనైట్ వచ్చింది. గుజరాత్‌లోని కచ్ ప్రాంతం ఆ ఖనిజానికి ప్రసిద్ధి. పిల్లులు ఎక్కువగా ఇష్టపడేది సన్నని, వాసన లేని మట్టినే. పరిమళాలు కలిపినవి మనుషుల ముక్కు కోసం తయారైనవి. దేన్ని రుచి చూడాలన్నా నోట పెట్టుకునే పసికూనలకు గడ్డకట్టని రకం వాడటం సురక్షితం.

బాక్స్‌ను రోజుకు కనీసం ఒకసారి పారతో ఎత్తి, తరచు ఖాళీచేసి సబ్బునీటితో కడగాలి. ఫినాయిల్ మాత్రం వద్దు. ఫినాల్ రసాయనాలను విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పాదాలకు అంటిన ఫినాయిల్ నాకినప్పుడు లోపలికి చేరుతుంది. పాన్‌ల్యూకోపీనియా వచ్చిన ఇంట్లో మాత్రం సబ్బు సరిపోదు. నీటితో శుభ్రంగా కడిగిన తరువాత పలుచని బ్లీచ్ ద్రావణం వాడాలి. మూత్రం మీదే బ్లీచ్ పోస్తే హానికరమైన వాయువులు వెలువడతాయి.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వదిలేయమన్న సలహా తరచు వినిపిస్తుంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో వెలువడినా, ఇతరులకు సోకే దశకు చేరడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. మలాన్ని రోజూ మరొకరు తొలగిస్తే ముప్పు చాలావరకు తప్పుతుంది. ఆ పని ఆమే చేయవలసి వస్తే చేతితొడుగులు వేసుకుని, తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల ద్వారా కూడా ఈ పరాన్నజీవి సోకుతుంది.

వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు ఆనాటి మలాన్ని శుభ్రమైన మూతగల డబ్బాలో తీసుకెళ్లాలి. వెంటనే వెళ్లలేకపోతే కొన్ని గంటలు ఫ్రిజ్‌లో, తినే పదార్థాలకు దూరంగా ఉంచవచ్చు. చివరిసారి మలం, మూత్రం ఎప్పుడు అయ్యాయి, ఏ ఆహారం పెట్టారు, ఏ మందులు వేశారు అన్నవి రాసుకుని వెళ్లడం మంచిది. ఫోన్‌లో తీసిన బాక్స్ ఫొటో, పిల్లి ముక్కుతున్న వీడియో కూడా చూపవచ్చు.