ప్రత్తిలోని తేమ – కొలత కథ

ఆదోని మార్కెట్టుకు ప్రత్తిని తెచ్చిన రైతునకును, ఎమ్మిగనూరులో గుంటమగ్గము ముందు కూర్చున్న నేతగానికిని కంటికి కానరాని వస్తువుతో నిత్యము వ్యవహారము కలదు. అదియే తేమ. గాలి పొడిబారినచో నూలు తెగును. తేమ హెచ్చినచో ప్రత్తి తూకము పెరుగును. పడుగునకు గంజి పెట్టుట, మగ్గమును గుంటలో నిలుపుట మన పెద్దలెరిగిన ఉపాయములు.

కాని తేమను కొలుచుట యెట్లు? పదునైదవ శతాబ్దమున జర్మనీ పండితుడు కూసా నికోలస్ త్రాసులో ఒకవైపు ఉన్నిని, రెండవవైపు రాళ్లను ఉంచి, ఉన్ని బరువెక్కుటను బట్టి తేమ నెరుగవచ్చునని సూచించెను. 1783లో జెనీవా వాసి సొస్యూర్ తేమకు తలవెండ్రుక సాగు గుణముపై ఆధారపడిన యంత్రమును వర్ణించెను. 1938లో అమెరికాలో డన్‌మోర్ లిథియం క్లోరైడు పూతగల విద్యుత్సాధనమును ప్రకటించెను. ఆ యేడే ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిరి. నాడు ఈ సీమ బళ్లారి జిల్లాలోనిది. 1953లో కర్నూలు జిల్లాలో చేరినది.

పిమ్మట వాతావరణ బెలూనులతో పంపు సాధనములలో, ప్రత్తిలోని సెల్యులోజునకు చుట్టమైన పదార్థమున బొగ్గుపొడి కలిపిన పూతను వాడిరి. తేమకు పూత ఉబ్బును. బొగ్గు రేణువులు ఎడమగును. విద్యుత్తునకు దారి సన్నగిల్లును. 1977లో షిరకావ, మెక్‌డయర్మిడ్, హీగర్ పండితులు అయోడిన్ వంటివి చేర్చిన పాలిఎసిటిలీన్ తానే విద్యుద్వాహకమగునని చూపిరి. అందులకు 2000లో నోబెల్ బహుమానము లభించినది. ఆ జాతిదే అయిన పాలిఎనిలీన్‌లో తేమ తగిలిన కొలది విద్యుత్తు సులభముగ ప్రవహించుట సాధారణము.

ప్రత్తి బోరెములో సూదులు గ్రుచ్చి చూచు యంత్రమునందును సూత్రమిదియే. తేమ హెచ్చిన కొలది ప్రత్తి విద్యున్నిరోధము తగ్గును. మద్దతు ధరకు 8 శాతము తేమ ప్రమాణము. అంతకు మించిన కొలది ధర తగ్గును. 12 దాటినచో ప్రత్తిని కొనరు. కావున యంత్రము ఒక శాతము ఎక్కువ చూపినచో నూరు కిలోలకు ఒక కిలో వెల రైతు చేజారును.

అట్టి యంత్రమును సరిచూచుటకు మార్గము సులభము: ప్రత్తిని తూచి, పూర్తిగా ఆరబెట్టి, మరల తూచవలెను. ఎంత క్రొత్త సాధనము వచ్చినను, తుదకు తీర్పు చెప్పవలసినది త్రాసే.