పటం చుట్టిన తరువాత కథ ఎక్కడ ఉంటుంది?

'అమూర్త సాంస్కృతిక వారసత్వం' అనే పదబంధం ఇప్పుడు ప్రభుత్వ పత్రాలలోను, విశ్వవిద్యాలయ సదస్సులలోను తరచుగా వినబడుతున్నది. 2003 అక్టోబరు 17న ప్యారిస్‌లో యునెస్కో సర్వసభ్య సమావేశం ఆమోదించిన ఒడంబడిక ద్వారా ఇది ప్రచారంలోకి వచ్చింది. మన దేశం 2005లో ఆ ఒడంబడికలో చేరింది. 2006 ఏప్రిల్‌లో అది అమలులోకి వచ్చింది. కోటలు, గుళ్ళు, శాసనాలు, విగ్రహాలు కాక, నోటిలోను చేతిలోను మనసులోను నిలిచి తరం నుండి తరానికి అందే కథ, ఆట, పాట, పండుగ, ప్రకృతిజ్ఞానం, చేతిపని - ఇవి దాని పరిధిలోనివి.

తాకుటకు వీలుకానిది అనే మూలార్థాన్ని మాటకు మాటగా తెలుగు చేస్తే 'అస్పృశ్యం' అని తేలుతుంది. అనువాదకులు ఆ మాట జోలికి పోక 'అమూర్తం' అన్నారు. మంచిదే. కాని తెలంగాణలో ఈ వారసత్వాన్ని భుజాన మోసినవారిలో డక్కలివారు ఉన్నారు. మాదిగలకు జాంబపురాణం చెప్పి, కిన్నెర మీటి బ్రతికిన ఆశ్రితకులం వారిది. ఊరికి వెలుపల ఉన్న వాడకు సైతం వెలుపలనే విడిది చేయవలసిన స్థితి వారిది. అనువాదకులు వదలిన మాటలోనే చరిత్ర ఎక్కువగా ఉన్నదని నాకనిపిస్తుంది.

జగిత్యాలకు, కోరుట్లకు నడుమ ఉన్న మా మేడిపల్లి నుండి చూస్తే ఈ విషయం సదస్సులలో కనబడినట్లు కనబడదు. ఈ ప్రాంతంలో కథ చెప్పడం ఒక కళ కావడానికి ముందు ఒక హక్కు. ప్రతి పోషకకులానికి ఒక కులపురాణం, ఆ పురాణాన్ని చెప్పడానికి ఒక ఆశ్రితకులం. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. గౌడులకు గౌడజెట్టివారు, చాకలివారికి మడేలు పురాణం చెప్పే పటమువారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారు, మంగలివారికి అద్దపువారు. పద్మశాలీలకే గారడీవిద్యలు ప్రదర్శించే సాధనాశూరులు అనే మరొక ఆశ్రితవర్గం కూడా ఉన్నది. ఏ కుటుంబం ఏ ఊళ్ళలో కథ చెప్పాలో పంపకం ఉండేది. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలం పంచుకొన్నట్లే ఊళ్ళను పంచుకొనేవారు. ఆడపిల్ల పెండ్లికి ఊరి హక్కును కట్నంగా ఇచ్చిన సందర్భాలు కూడా పరిశోధకుల రచనలలో కనబడతాయి.

వీరిలో పలువురికి సాధనం పటం. ముతక నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఎండిన తరువాత నకాషీ చిత్రకారులు దానిపై ఎర్రని నేల మీద కథను వరుసలు వరుసలుగా గీస్తారు. నిలువునా పదుల అడుగుల పొడవు సాగే ఆ పటాన్ని కర్రలకు కట్టి, ఒక్కొక్క వరుస విప్పుతూ కథకుడు రాత్రుల తరబడి చెబుతాడు. హైదరాబాదులోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో 1625 నాటి పటం ఒకటి ఉన్నది. అదీ పద్మశాలీల కథకు సంబంధించినదే. అంటే సిరిసిల్లలో మరమగ్గం చప్పుడు వినబడడానికి మూడు శతాబ్దాల ముందే, తామరతూటి నుండి నూలు తీసి దేవతలకు వస్త్రం నేసిన భావనారిషి కథ తెలంగాణలో బొమ్మలకెక్కి ఉన్నదన్నమాట.

ఇట్టి సంపదను పరిశోధకులు ఎట్లా పట్టుకోజూశారు?

మొదట పట్టుకొన్నవారు కులాల లెక్కలు రాసిన అధికారులు. 1909లో థర్‌స్టన్ దక్షిణభారత కులాలను గురించి ఏడు సంపుటాలు వెలువరించాడు. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాలను, తెగలను గురించి గ్రంథం ప్రచురించాడు. వీటిలో కులోత్పత్తి కథలు సంగ్రహంగా ఉంటాయి. కథ చెప్పినవాడి పేరు ఉండదు, రాగం ఉండదు. ఉన్నంతవరకు విలువైనవే కాని, అంగడిలో సరుకుపట్టీ చదివినట్లు ఉంటుంది.

తరువాతిది సాహిత్యమార్గం. బిరుదురాజు రామరాజుగారు (1925-2010) ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపదగేయాలపై పరిశోధించి డాక్టరేటు పొందారు. ఆ సిద్ధాంతవ్యాసం 1958లో 'తెలుగు జానపద గేయ సాహిత్యము' అనే పేరుతో గ్రంథంగా వచ్చింది. పాటను పండితులు సాహిత్యమని అంగీకరించని రోజులలో, దానికి శాస్త్రీయమైన వర్గీకరణ చేసి విశ్వవిద్యాలయపు గడప దాటించిన ఘనత వారిది. ఓరుగల్లు ప్రాంతపు పల్లె నుండి వచ్చినవారు గనుక, పాటను దూరం నుండి చూడవలసిన అవసరం వారికి లేకపోయింది.

అయితే ఈ మార్గానికి ఒక స్వభావం ఉన్నది. మా వంటి తెలుగు పండితులకు నేర్పిన విద్య పాఠనిర్ణయం. నాలుగు తాళపత్ర ప్రతులు ముందు పెట్టుకొని, లేఖకుల ప్రమాదాలు తొలగించి, కవి రాసిన మూలపాఠానికి చేరుకోవడం. 1829లో బ్రౌను వేమన పద్యాలను అచ్చువేసేటప్పుడు పడిన శ్రమ అటువంటిదే. కథకుడి నోటిలో ఉన్న పురాణానికి ఆ పద్ధతి పనిచేయదు. అక్కడ మూలప్రతి లేదు. నిన్న చెప్పిన కథ, నేడు చెప్పిన కథ రెండూ మూలాలే. మన పొరుగున తుళునాడులో ఫిన్‌లాండు పండితుడు లౌరి హోంకో 1990లో గోపాల నాయక అనే గాయకుని చేత సిరి కావ్యాన్ని చెప్పించి రికార్డు చేశాడు. 1998లో అచ్చయిన ఆ పాఠం 15,683 పంక్తులు. పరిశోధకుని కోసం చెప్పిన ఆ పాఠం, ఉత్సవసందర్భాలలో వినబడే పాటకంటె ఎంతో విస్తారమైనది. గాయకుని మనసులో ఉన్నది పంక్తుల వరుస కాదని, అవసరాన్నిబట్టి పెరిగి తరిగే ఒక కథాశరీరమని హోంకో తేల్చాడు.

మూడవ మార్గం ప్రదర్శనను ప్రదర్శనగా చూడడం. తెలుగులో దీనికి మంచి ఉదాహరణ జీన్ రోగైర్ పని. 1970లలో పలనాటికి వచ్చి, ఆలిసెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన పలనాటి వీరుల కథను రికార్డు చేసి, 1982లో ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించాడు. అందులో గాయకునికి పేరున్నది, పాటకు సందర్భమున్నది, వీరుల గుడి ఉన్నది. 'ఎవరో అజ్ఞాత జానపదుడు' అనే మాట అక్కడితో చెల్లకుండా పోవలసింది. మనవారు ఇంకా వాడుతూనే ఉన్నారు!

మన దగ్గర 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడి, వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠం వెలసిన తరువాత, ఆశ్రితకులాల సాహిత్యం మీద శ్రద్ధ పెరిగింది. పులికొండ సుబ్బాచారిగారు కులపురాణాలను ఆశ్రితసాహిత్యంగా పరిశీలించారు. జయధీర్ తిరుమలరావుగారు ఊరూరా తిరిగి మరుగునపడుతున్న వాద్యాలను, తాళపత్రాలను సేకరించారు. ఇక్కడనుండి ప్రశ్న మారింది. 'కథ ఏమిటి?' అనే ప్రశ్న పక్కన 'ఎవరు ఎవరికి చెబుతారు, ఎందుకు చెబుతారు, ప్రతిఫలమేమిటి?' అనే ప్రశ్న వచ్చి కూర్చున్నది. నా దృష్టిలో మా ప్రాంతానికి పనికివచ్చేది ఈ ప్రశ్నే.

కారణం చెబుతాను. సిరిసిల్ల, కోరుట్ల నేతగాళ్ళు చేతిమగ్గం కూడు పెట్టక భివండికి, షోలాపురానికి, సూరతుకు వలసపోయారు. మిగిలినవారిలో అధికులు మరమగ్గాలకు కూలీలయ్యారు. జగిత్యాల, కోరుట్ల పల్లెలనుండి ఇంటికొకరు గల్ఫు దేశాల బాట పట్టారు. కూనపులివాడికి హక్కు ఉన్న ఊరు అక్కడే ఉన్నది, హక్కు కూడా కాగితం మీద ఉన్నది, కట్టడి ఇచ్చే గడపకు మాత్రం తాళం. కథకుడు కథ మరచిపోలేదు. వినవలసినవారు లేచిపోయారు. ఇటువంటి చోట పరిశోధకుడు టేపురికార్డరు పట్టుకొనివచ్చి కథను భద్రపరిచానంటే, బావి ఎండిన తరువాత చేదను భద్రపరచినట్లే గదా!

పటం సంగతి మరీ విచిత్రం. పాతబడిన పటాన్ని ఆ కథకులు ఇంట్లో దాచుకోరు. క్రొత్త పటం గీయించి, దానికి పూజచేసి, పాతదానికి చనిపోయిన మనిషికి చేసినట్లు మర్యాదలు చేసి నదిలో కలుపుతారు. వారి లెక్కలో గుడ్డకు ఆయుస్సు ఉన్నది, కథకు లేదు. మ్యూజియం లెక్క దీనికి తలకిందులు. అక్కడ గుడ్డను శతాబ్దాలు నిలపడమే విద్య. మిత్తల్ మ్యూజియం పటం నిలిచింది గనుకనే 1625 అనే సంవత్సరం మనకు తెలిసింది, కాదనను. కాని కడుపుకాలి పటం అమ్ముకొన్న కుటుంబం రెండో పటం గీయించలేకపోతే, మ్యూజియంలోకి ఒక వస్తువు వచ్చిన రోజే ఊళ్ళనుండి ఒక పురాణం పోయినట్లు. చేర్యాల నకాషీ బొమ్మలు ఇప్పుడు పట్నపు ఇళ్ళ గోడలకు వేలాడుతున్నాయి. చిత్రకారునికి నాలుగు రూకలు వస్తున్నాయి, సంతోషం. ఆ బొమ్మలలో కథ వరుస లేదు, విప్పి చెప్పేవాడు లేడు. చిత్రలేఖనం బ్రతికి, కథనం విడిపోయింది.

ఒగ్గుకథకు మరొక రకమైన పరీక్ష. ఒగ్గు అంటే శివుని డమరుకం. మల్లన్న, బీరప్ప కథలు చెప్పే ఈ కళ కొలువుతో ముడిపడినది. రంగుల పొళ్ళతో పట్నం వేసి, దేవుని పెండ్లి చేసి, ఆ తంతులో భాగంగా కథ నడుపుతారు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు ఈ కళతో పేరు గడించి 2010లో కన్నుమూశారు. అదే ఊళ్ళో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు బాల్యంలో విన్న జంగం కథలు, హరికథలు, జానపదాల ప్రభావంతో పాటకు దగ్గరయ్యారు. ఒకే ఊరి గాలి అటు ఒగ్గుకు, ఇటు కావ్యానికి చేరింది. ఈనాడు వేదిక మీద ఒగ్గుకథకు ఇచ్చే సమయం అరగంట. పట్నం ఉండదు, దేవుడు ఉండడు, డోలు ఉంటుంది. 2014 తరువాత తెలంగాణ సాంస్కృతిక సారథి ద్వారా ఎందరో కళాకారులకు జీతం దొరికింది, అది చిన్న విషయం కాదు. కథాస్థానంలోకి ప్రభుత్వ పథకాలు వచ్చాయి, అది కూడా చిన్న విషయం కాదు.

2023లో వచ్చిన 'బలగం' చిత్రం ఇక్కడ గుర్తుకురాక మానదు. సిరిసిల్ల ప్రాంతపు జీవితమే దాని కథ. చివర బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు చావు ఇంట పాడిన పాట ఊళ్ళకు ఊళ్ళను ఏడిపించింది. పంచాయతీల ముందు తెరలు కట్టి చూశారు. చచ్చిపోయినదనుకొన్న కళకు వినేవారు అంతమంది ఉన్నారని తెలిసింది. మొగిలయ్య 2024 డిసెంబరులో అనారోగ్యంతో మరణించారు. పాట ఫోన్లలో మ్రోగుతూనే ఉన్నది.

యునెస్కో ఒడంబడికలో నాకు నచ్చిన విషయం ఒకటున్నది. 'రక్షణ' అనే మాటకు అది ఇచ్చిన అర్థంలో గుర్తింపు, నమోదు, పరిశోధనలతోపాటు తరువాతి తరానికి అందించడం కూడా చేరి ఉన్నది. ఆ వారసత్వం ఎవరిదో వారి భాగస్వామ్యం ఉండాలని పదిహేనవ అధికరణం చెబుతుంది. జాబితాలో మన దేశం నుండి కూడియాట్టం, ఛౌ, దుర్గాపూజ, గర్బా చేరాయి. తెలుగునేలకే ప్రత్యేకమైనది ఏదీ చేరలేదు. ఇది పలువురికి బాధ. నాకు అంతగా లేదు. జాబితా కంటె ముందు చేయవలసిన పని జరగలేదన్నదే నా బాధ.

ఉద్యోగకాలంలో పిల్లలచేత వారి నాయనమ్మలు, అమ్మమ్మలు చెప్పిన సామెతలు, పొడుపుకథలు, నాట్లపాటలు రాయించేవాణ్ణి. పుస్తకాలలోకి ఎక్కేసరికి ముసలమ్మ మాట పాఠ్యపుస్తకపు మాటగా మారిపోయేది. 'అచ్చింది' అన్నది 'వచ్చింది' అయ్యేది. పాట లయ అక్కడే కుంటుపడేది. "అవ్వ తప్పు పలికింది సార్, నేను దిద్దిన" అని ఒక పిల్లవాడు గర్వంగా చెప్పాడు. సేకర్త చేతిలో పాఠం ఎట్లా మారుతుందో చెప్పడానికి ఇంతకంటె పెద్ద సిద్ధాంతగ్రంథం అక్కరలేదు. ఆ తరువాత పక్కపక్కన రెండు వరుసలు గీయించి, ఒకదానిలో విన్నది విన్నట్లు, రెండవదానిలో అర్థం రాయమన్నాను. చెప్పినవారి పేరు, వయసు, ఎవరి దగ్గర నేర్చారో, ఏ పని చేస్తూ పాడేవారో పైన రాయాలి. పిల్లలు నాలుగు వారాలలో అలవాటుపడ్డారు.

మండలానికొకరు పూనుకొంటే చేయదగిన పని ఇది: ఏ ఊరికి ఏ ఆశ్రితకుటుంబాల రాక ఉండేది, ఆఖరిసారి ఏ సంవత్సరం వచ్చారు, ఎన్ని రాత్రులు చెప్పారు, కట్టడి ధాన్యమా రూపాయలా, ఇప్పుడు ఆ కుటుంబం ఎక్కడ ఉన్నది, పటం ఉన్నదా అమ్మారా. కులపెద్దల ఇళ్ళలో పాత లెక్కల పుస్తకాలు దొరికితే వాటిని కూడా చూడాలి. రికార్డు చేసినదానిలో ఒక ప్రతి కథకుని ఇంటికి చేరాలి, ఆయన పేరు ముందు ఉండాలి. భివండిలోను, సూరతులోను ఉన్న మన పద్మశాలీలను కూడా అడగవలసి ఉన్నది. కూనపులివారు అక్కడికి వెళ్ళి కథ చెప్పివస్తున్నారా, లేదా అన్నది అక్కడివారే చెప్పగలరు.